వానకాలపు జత

మా మనవరాలు తెల్లవారి లేవగానే ముఖమైనా కడుక్కోకుండా ఫోనులో వాన సంగతి చూసుకుంటుంది. ఆ తరువాత వీధి గుమ్మం పక్కనున్న చెక్క అలమర తెరిచి, అందులోని నాలుగైదు జతల పరుగు బూట్ల ముందు గొంతుక్కూర్చుని, పెళ్ళికి ఏ చీర కట్టుకోవాలో తేలక బీరువా ముందు నిలబడిపోయిన మనిషిలా ఒక్కొక్కటీ తీసి, తిరగేసి చూసి, మళ్ళీ పెట్టేస్తుంది. తారు రోడ్డుకి ఒకటట, కాలవగట్టు మట్టికి ఇంకొకటట, పందెం రోజున మాత్రమే తొడిగే తేలికైనది మరొకటట, పైగా ఇవాళ తొడిగింది రేపు తొడగకూడదట, లోపలి మెత్త మళ్ళీ పొంగడానికి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలట. మొన్న వాయుగుండం పట్టి ఎడతెరిపి లేకుండా కురుస్తున్నప్పుడు, అరిగిపోయిన పాత జత ఒకటి చెత్తబుట్టలో వెయ్యబోతుంటే, "పారెయ్యకే, వానకి అట్టేపెట్టు" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసింది. మెట్లెక్కడానికే మోకాళ్ళు పట్టుకునే అమ్మమ్మకి పరుగు బూట్ల సంగతి ఏం తెలుసని దాని అనుమానం.

తెలుసు. చాలా బాగా తెలుసు. ఆ ఒక్క మాట నోరు జారినందుకు ఆ పూట నాకు ముద్ద దిగలేదు. నా ఈడువారికి చెబితేనే ఇది అర్థమవుతుందని, వానలో బయటికి వెళ్ళే పనీ లేక, ఇలా కూర్చుని రాస్తున్నాను.

మా నాన్నగారు ధవళేశ్వరంలో ఒక మిషను స్కూల్లో డ్రిల్లు మాస్టారు. స్కూలు వెనక పెంకుటిల్లు మాది, ఇంటి పక్కనే కాలవగట్టు, ఆ గట్టెక్కి కాస్త నడిస్తే గోదారి. ఊళ్ళో మగపిల్లల చేత కవాతు చేయించే మా నాన్నగారికి ఇద్దరం ఆడపిల్లలమే పుట్టాం, అక్కా నేనూను. మగపిల్లలు లేరన్న బెంగ ఆయనకి ఉన్నట్టు నేనెప్పుడూ ఎరగను గానీ, అక్కకి నడక వచ్చిన నాటి నుంచీ ఆయన దాని వెనకాల ఈల పట్టుకుని తిరిగారని మాత్రం అందరూ అనేవారు. అక్క పరుగెత్తుతుంటే చూడాలండీ. ఆయాసం అన్నది కనబడేది కాదు, వీపు మీది జడ కూడా పెద్దగా ఊగేది కాదు. నేనూ పరుగెత్తేదాన్ని, కానీ నాది తోడు పరుగు. తెల్లవారుజామున ఆడపిల్ల ఒక్కతే గట్టు మీద కనబడితే బాగుండదని నన్ను వెంట పంపేవారు, నేను సగం దూరం పరుగెత్తి, డొక్క పట్టేసి, అది తిరిగొచ్చేదాకా తూము మీద కూర్చునేదాన్ని.

అక్కకి మూడు జతల బూట్లు ఉండేవి. ఒక డ్రిల్లు మాస్టారి జీతానికి ఒక్క పిల్లకి మూడు జతలంటే మా బంధువులు ముక్కున వేలేసుకునేవారు, కానీ అందులో కిటుకు ఉంది. ఏడాదికి కొనేది ఒకటే జత. కొత్తగా వచ్చిన జత తారు రోడ్డుకీ, గట్టి నేలకీ. నిరుటి జత కాలవగట్టు మట్టికి. ముందటేటి జత, అడుగున గాళ్ళన్నీ అరిగి నున్నగా పలకలా తయారైనది, వానకాలానికి. ఎండాకాలం గోదారి పాయల్లో ఇసుక తేలితే అక్కడ మాత్రం ఒట్టి కాళ్ళే. మా నాన్నగారు తెల్లవారగానే చెప్పులు లేకుండా గట్టెక్కి, మడమతో నేలని నొక్కి చూసి, తడి ఎంత లోతున ఉందో అంచనా కట్టి, తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి ఇవాళ ఫలానా జత అని చెప్పేవారు. ఆయన మాటకి తిరుగు లేదు. వరసగా రెండు రోజులు ఒకే జత తొడిగితే ఒప్పుకునేవారు కాదు, మనిషికి ఆదివారం ఉన్నట్టే బూటుకీ సెలవుండాలి అనేవారు.

మా నల్లమట్టి సంగతి డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండలో రాయి, వానలో జిగురు. గాళ్ళున్న కొత్త బూటు వేసుకుని ఆ తడిలో నాలుగడుగులు వేస్తే అడుగున మట్టి అట్టలు కట్టి, కాలికి ఇటుకరాయి కట్టుకున్నట్టే ఉంటుంది. అందుకే నున్నగా అరిగిన జత. అయితే దానికీ ఒక తంటా ఉంది, వాననీళ్ళు పై నుంచి లోపలికి పోతాయి గానీ బయటికి రావు, నాలుగు చుట్లు తిరిగేసరికి కాలు నీళ్ళల్లో ఈదుతూ ఉంటుంది. దానికి మా నాన్నగారు ఒక ఉపాయం కనిపెట్టారు. పాత గొడుగు ఊచ ఒకటి నిప్పుల్లో ఎర్రగా కాల్చి, కాన్వాసు బూటు పక్కలా, బొటనవేలి దగ్గరా అడుగు అంచుకి ఆనించి చిల్లులు పొడిచేవారు. అడుగు పడ్డప్పుడల్లా లోపలి నీళ్ళు ఆ చిల్లుల్లోంచి చిమ్ముకుని బయటికి పోయేవి. ఆ పని ఆయన ఇంట్లో కాదు, స్కూల్లో సామాన్ల గదిలో చేసేవారు. చిల్లుల అంచులు నల్లగా కాలి చూడ్డానికి అసహ్యంగా ఉండేవి.

బూట్లు ఆరబెట్టడం అక్క పని. మిల్లు నుంచి తెచ్చిన ఊకని రాత్రి పొయ్యి ఆరాక దాని మీద పెట్టి గోరువెచ్చగా చేసి, పాత గుడ్డసంచుల్లో పోసి, ఆ సంచుల్ని బూట్లలో కూరి పొయ్యి పక్కన పెట్టేది. తెల్లారేసరికి తడంతా ఊక పీల్చేసుకునేది. ఇక వానకాలపు జత అయితే ఏడాదిలో సగం రోజులు అటక మీదే ఉండేది, దాన్ని అమ్మ ఎప్పుడూ దగ్గరగా చూసిన పాపాన పోలేదు.

అమ్మ గురించి చెప్పాలి. పరుగంటే అమ్మకి కోపం లేదు, అలాగని అందులో ఏముందో ఆవిడకి తెలియనూ తెలియదు. ఆవిడ లోకం వేరు. శనివారం వచ్చిందంటే మా పెరట్లో తీగల నిండా తెల్లబట్టలే. ఆదివారం చర్చికి కట్టుకునే చీరలు, నాన్నగారి తెల్ల ప్యాంట్లు, మా పరికిణీలు, అన్నీ ఉడకబెట్టి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, ఒక్క ముడత లేకుండా ఆరేసేది. ఆవిడ గంజి పెట్టిన చీర కట్టుకుని బల్ల మీద కూర్చుంటే ఫెళఫెళమని చప్పుడయ్యేది. చిరుగు కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకునేది కాదు, అతుకు ఎక్కడ పడిందో నేసినవాడు కూడా కనుక్కోలేనంత సన్నగా కుట్టేది. మాకు అన్నం పెట్టి దగ్గర కూర్చోవడం కన్నా మా బట్టలు తెల్లగా ఉంచడంలోనే ఆవిడ ప్రేమంతా ఉండేది.

అక్క చదువు అంతంతమాత్రం. ఇంటరు ఎలాగో గట్టెక్కింది. దాని ఆశంతా ఆటల కోటాలో ఇచ్చే ఒక సర్కారు ఉద్యోగం మీద. అందులో చేరితే ఉద్యోగానికి ఉద్యోగం, జీతమిచ్చి మరీ పరుగెత్తిస్తారు, దేశమంతా పందేలకి తిప్పుతారు. అంతకు ముందు రెండుసార్లు వెంట్రుకవాసిలో తప్పింది. ఇక ఆ ఏడాది దాటితే వయసు మీరిపోతుంది, అర్జీ పెట్టుకోవడానికే వీల్లేదు. ఇది తప్పితే తన పరుగు ఇక్కడితో సరి అని అక్కకీ తెలుసు, మాకూ తెలుసు. ఆ వేసంగి నుంచి అది పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ రావడం మానేసింది, తీపి ముట్టడం మానేసింది, మాట్లాడ్డం కూడా తగ్గించేసింది.

ఎంపిక రాజమండ్రిలో, ఒక పెద్ద మైదానంలో, సోమవారం పెట్టారు. ముందురోజు ఆదివారం మా చర్చిలో కోతపండుగ. ఆ వారమే వాయుగుండం పట్టుకుంది. అది చాలదన్నట్టు మా నాన్నగారికి కామెర్లు వచ్చి, లేచి నిలబడితే కళ్ళు తిరిగిపోయే స్థితి. మంచం మీద పడుకునే కిటికీలోంచి చెయ్యి చాపి, చూరు కింద తడి మట్టి పిడికెడు తీసి పిసికి చూసి, వానకాలపు జతే తీసుకెళ్ళమని చెప్పారు. ఆయన రాలేరు కాబట్టి మా ఇద్దరికీ తోడుగా అమ్మ బయలుదేరింది. అక్క పరుగెత్తడం అమ్మ చూడబోవడం అదే మొదటిసారి. అక్క కొత్త జత తొడుక్కుంది, వానకాలపు జత సంచిలో సర్దే పని అమ్మ తన మీద వేసుకుంది.

మైదానం చేరేసరికి వాన సన్నగా పడుతూనే ఉంది. నేలంతా మా గట్టు మీది మట్టి లాంటిదే. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడపిల్లలు రేకుల షెడ్డు కింద నిలబడి కాళ్ళు ఆడించుకుంటున్నారు. అక్క పందెం పేరు పిలిచే వేళ దగ్గర పడింది. అమ్మ సంచిలోంచి కాగితంలో చుట్టిన పొట్లం తీసి, పండగ బట్టలు ఇచ్చేటప్పుడు ఎలా ఇచ్చేదో అలా రెండు చేతులతో అందించి, "విప్పి చూడు" అంది.

విప్పాం. మల్లెపువ్వుల్లా ఉన్నాయి బూట్లు. ఉతికి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, ఎంతో ఓపిగ్గా ఆరబెట్టింది. చిల్లుల్లో ఒక్కటి కూడా లేదు. నాన్నగారి పాత తెల్ల ప్యాంటు గుడ్డ ముక్కలు లోపల అతికించి, పైన దారంతో అల్లిక వేసినట్టు దట్టంగా కుట్టి, అన్నింటినీ మూసేసింది.

"ఊకసంచుల్లో నిప్పురవ్వలుండి కాలిపోయుంటాయమ్మా, నేను చూసుకోనేలేదు. పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తారు కదా, చిల్లుల బూట్లతో నిలబడితే ఏం బాగుంటుంది?" అంది అమ్మ. రాత్రి చర్చి నుంచి వచ్చాక కూర్చుని కుట్టి, తెల్లారేదాకా పొయ్యి పక్కన ఆరబెట్టిందట.

అక్క ముఖం చూశాను. రెప్ప వెయ్యకుండా ఆ బూట్ల వంక చూసి, ఆ తరువాత అమ్మ వంక చూసి, "ఎంత తెల్లగా వచ్చాయమ్మా" అంది. అమ్మ ముఖం ఎలా వెలిగిందో ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టే ఉంది.

అమ్మ గొడుగు పట్టుకుని షెడ్డు చివరికి, బాగా కనబడే చోటికి వెళ్ళి నిలబడింది. అక్క బూట్లు తొడుక్కుంటుంటే నేను దాని రొమ్ము మీది నంబరు గుడ్డకి పెట్టిన పిన్నీసు ఒకటి లాగి, కుట్లు విప్పుదామని వంగాను. రెండు చిల్లులైనా తెరుచుకుంటే కొంత నయం కదా. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మ ఇటే చూస్తోందే. ఉండనీ, ఏం కాదులే."

అది నిజంగానే ఏం కాదనుకుందో, లేక అమ్మ కళ్ళ ముందు ఆ కుట్లు చింపడానికి చెయ్యి రాలేదో, ఆ తరువాత నేనెప్పుడూ అడగలేదు. కొత్త జత వేసుకుంటే మట్టి పట్టేస్తుంది, ఒట్టి కాళ్ళతో పోదామంటే మలుపుల దగ్గర పదునైన కంకర. ఈల వేశారు, వెళ్ళి గీత దగ్గర నిలబడింది.

పదిహేను వందల మీటర్లు. సగం పైన అక్కే ముందు. మిగతా పిల్లల బూట్లకి మట్టి అట్టలు కడుతుంటే, మా అక్క నున్నటి అడుగులతో నాన్నగారు చెప్పినట్టే తేలిపోతోంది. అమ్మ గొడుగు పక్కకి వంగిపోయి తల తడుస్తున్నా ఎరగదు. ఆ తరువాత అక్క అడుగు బరువెక్కడం నాకు కనబడింది. నీళ్ళు లోపలికి పోతున్నాయి, బయటికి రావడానికి దారి లేదు. గంజి కరిగి లోపలంతా జిగట. కాలు ముందుకి పోతుంటే బూటు వెనక్కి లాగుతోంది, మడమ పక్కకి జారుతోంది. ఆఖరి చుట్టులో ఒక పిల్ల దాటింది. గీత దగ్గర, చెయ్యి చాపితే అందేంత దూరంలో, రెండో పిల్ల దాటింది. వాళ్ళు తీసుకునేది ఇద్దరినే.

అక్క మోకాళ్ళ మీద చేతులు ఆనించి చాలాసేపు అలాగే వంగి ఉంది. అమ్మ పరుగున వెళ్ళి కొంగుతో దాని తల తుడుస్తూ, బూట్లేమైనా కరిచాయా అని అడిగింది. "లేదమ్మా, మెత్తగా ఉన్నాయి. నాకే ఊపిరి చాల్లేదు" అంది అక్క. ఆ వానలో అది ఏడ్చిందో లేదో నేను చెప్పలేను.

ఇంటికొచ్చాక నాన్నగారు మంచం మీద నుంచి బూట్లు ఇలా ఇమ్మన్నారు. ఆ కుట్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమి, నాకిచ్చేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ తరువాత మేం ముగ్గురం కూడబలుక్కున్నదేమీ లేదు, కానీ ఆ సంగతి అమ్మకి తెలియకూడదన్నది మా మధ్య శాసనమైపోయింది. నాన్నగారు మళ్ళీ గొడుగు ఊచ ముట్టుకోలేదు. కొత్తగా చిల్లులు పొడిస్తే పాత చిల్లులు ఎందుకో అమ్మకి తెలిసిపోతుంది కదా. ఎవరైనా చుట్టాలొచ్చి ఎంపిక మాట ఎత్తితే మాలో ఎవరో ఒకరు ఊపిరి సంగతే చెప్పి మాట మార్చేవాళ్ళం. అలా చెప్పీ చెప్పీ, మా అక్కకి ఊపిరి తక్కువన్న పేరు ఊళ్ళో స్థిరపడిపోయింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. అక్క మాత్రం నవ్వేసేది.

అక్క పందేలకి మళ్ళీ వెళ్ళలేదు. కొన్నాళ్ళకి తణుకులో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరుగా చేరింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. బాగానే బతికింది, నేను కాదనను. కానీ దాని నడక చూసిన ప్రతిసారీ, ఆ కాళ్ళు ఎక్కడెక్కడికి వెళ్ళవలసినవో కదా అని నా ప్రాణం ఉసూరుమనేది.

నాన్నగారు పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. ఆఖరి రోజుల్లో మంచాన పడింది, మనుషుల్ని గుర్తుపట్టడంలో మాత్రం ఏ లోటూ లేదు. ఒక మధ్యాహ్నం నేను దుప్పటి మారుస్తుంటే, ఏ ముందూ వెనకా లేకుండా, "ఆ చిల్లులు నేను మూసేశాను కదే" అంది.

ఏ చిల్లులమ్మా అన్నాను, అంతకాలం అలవాటైన అబద్ధం అలాగే నోట్లోంచి వచ్చేసింది.

"ఊరుకోవే. ఆ రోజు సాయంత్రం ఆరబెడదామని బూటు వంచితే చెంబులోంచి పోసినట్టు పడ్డాయి నీళ్ళు. అప్పుడే తెలిసింది. మీ నాన్నగారు గోడవైపు తిరిగారు చూడూ, అప్పుడు ఇంకా బాగా తెలిసింది. నాకు తెలియకూడదని మీరు ముగ్గురూ అంత కష్టపడుతుంటే, నాకు తెలుసని ఎలా చెప్పను?" దుప్పటి మడతని వేళ్ళతో సాపు చేసింది. తరువాత అంది, "అది నన్ను ఒక్కసారి తిడుతుందేమోనని చూశానే. పెళ్ళప్పుడు చూశాను, పురుటికి వచ్చినప్పుడు చూశాను. తిట్టలేదు. తిట్టుంటే క్షమించమని అడిగేదాన్ని."

అక్కకి కబురు చేశాను. అది బస్సు దిగి వచ్చేసరికి అమ్మకి మాట పడిపోయింది. అక్క చెయ్యి పట్టుకుని దాని ముఖంలోకి చూస్తూ ఉంది అమ్మ, అంతే. మూడో నాడు పోయింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక అక్కకి ఆ మాటలు చెప్పాను. చెప్పాలా వద్దా అని చాలా కొట్టుకున్నాను గానీ, ఇక ఆ ఇంట్లో ఇంకొక రహస్యం మొయ్యడం నా వల్ల కాలేదు. అక్క, "తిట్టాలనే ఉండేదే. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. బాధపడుతుందని మింగేశాను" అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంత వయసులో మా అక్క అలా ఏడవడం నేను చూస్తాననుకోలేదు.

పోయిన నెల మా అమ్మాయి, అంటే ఆ మనవరాలి తల్లి, మురికిగా ఉన్నాయని పిల్ల పందెపు బూట్లు వాషింగు మిషన్లో వేసేసింది. అడుగు ఊడి చేతికొచ్చింది. వీధి చివరికి వినబడేలా అరిచింది మనవరాలు, నీకేం తెలుసని ముట్టుకున్నావని. నీ బాగుకే కదే అని మా అమ్మాయీ అరిచింది. తల్లిని అంతేసి మాటలంటుందా అని ముందు నాకు కష్టంగానే తోచింది, మా రోజుల్లో అయితే నోరెత్తేవాళ్ళమా అనుకున్నాను. సాయంత్రానికి చూస్తే ఇద్దరూ ఒకే సోఫాలో కాళ్ళు ముడుచుకుని, ఒకే గిన్నెలో జంతికలు తింటూ టీవీ చూస్తున్నారు. మేము ఒకరి మనసు ఒకరం నొప్పించకూడదని పెరిగినవాళ్ళం, అదే మర్యాదనీ అదే ప్రేమనీ నేర్చుకున్నాం. ఇప్పటి పిల్లలకి ఆ మర్యాద లేదని నా ఈడువాళ్ళు అంటుంటే ఇదివరకు నేనూ తల ఊపేదాన్ని. ఇప్పుడు ఊపడం లేదు. ఆ రోజు మైదానంలో అక్క అమ్మ మీద అరిచి ఉంటే అమ్మ ఏడ్చేది, అక్కా ఏడ్చేది, రాత్రికి అందరం అన్నం తినేవాళ్ళం.